డాక్టర్ ఎరిక్ బెర్న్: మాటల మర్మమెరిగిన వైద్యుడు

ఒక అధికారి తన క్రింది ఉద్యోగిని ఫైలు ఎప్పుడు వచ్చునని అడుగును. ప్రశ్న ఒక్కటియే. కాని ఒకప్పుడది తేదీ తెలిసికొనుటకు అడిగిన ప్రశ్నగా వినిపించును. మరియొకప్పుడు తండ్రి కొడుకును గద్దించినట్లు వినిపించును. మొదటిదానికి ప్రత్యుత్తరము ఒక తేదీ. రెండవదానికి ప్రత్యుత్తరము సంజాయిషీయో, అలుకయో, మౌనమో అగును. మాట ఒక్కటియే అయినను ఫలితములు ఇట్లు వేరగుటకు కారణమేమి? ఈ ప్రశ్నను జీవితకాలము పరిశీలించి, తాను కనుగొన్న సమాధానమును సామాన్యులకు సైతము అందునట్లు తేటమాటలలో చెప్పిన మానసిక వైద్యుడు డాక్టర్ ఎరిక్ బెర్న్. ఆయన నెలకొల్పిన పద్ధతికి ట్రాన్సాక్షనల్ ఎనాలిసిస్ అని పేరు. తెలుగున దానిని పరస్పర వ్యవహార విశ్లేషణమనవచ్చును. రోగుల కొరకు పుట్టిన ఆ పద్ధతి నేడు అనేక దేశములలో ఉద్యోగుల వృత్తి మార్గదర్శనమునకు కూడ ఉపకరించుచున్నది.

బాల్యము

ఎరిక్ బెర్న్ 1910 మే 10వ తేదీన కెనడా దేశమందలి మాంట్రియల్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎరిక్ లెనార్డ్ బెర్న్‌స్టైన్. పోలండు, రష్యా ప్రాంతముల నుండి వలస వచ్చిన యూదుల కుటుంబమది. తండ్రి డేవిడ్ హిల్లెల్ బెర్న్‌స్టైన్ వైద్యుడు. తల్లి సారా గోర్డన్ రచయిత్రి, సంపాదకురాలు. ఇరువురును ఆ నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున చదివినవారే. ఎరిక్‌కు ఐదేండ్లు చిన్నదగు గ్రేస్ అను చెల్లెలు కలదు.

తండ్రి రోగుల ఇండ్లకు పోవునప్పుడు కొడుకును వెంట గొనిపోవుచుండెను. మాంట్రియల్‌లో చలికాలము దీర్ఘమైనది. మంచుపై జారు గుఱ్ఱపుబండిలో తండ్రి ప్రక్కన కూర్చుండి ఆ బాలుడు ఇల్లిల్లు తిరిగెను. ఈ సుఖము చిరకాలము నిలువలేదు. 1921లో, ముప్పది యెనిమిదేండ్ల ప్రాయమున, డేవిడ్ క్షయవ్యాధితో మరణించెను. ఎరిక్‌కు అప్పటికి పదునొకండేండ్లు. తల్లి కలమునే జీవనోపాధిగా చేసికొని ఇద్దరు పిల్లలను పెంచి పెద్దచేసెను.

వైద్యము తండ్రి నుండియు, రచన తల్లి నుండియు బెర్న్‌కు సంక్రమించెను. తండ్రి మరణించిన నలువదేండ్లకు వెలువడిన తన ముఖ్య గ్రంథమును ఆయన తండ్రి స్మృతికే అంకితము గావించెను. ఆ అంకితమున తండ్రిని బీదల వైద్యుడని పేర్కొనెను. విద్వాంసుల గదులలో దాగిన మనశ్శాస్త్రమును బీదసాదల వాకిటికి తెచ్చుటకు కొడుకు పడిన పాటు ఈ ఒక్క మాటతో చాలవరకు బోధపడును.

విద్య, వృత్తి

బెర్న్ మెక్‌గిల్ విశ్వవిద్యాలయము నుండి 1931లో బి.ఏ. పట్టమును, 1935లో వైద్య, శస్త్రచికిత్సా పట్టములను పొందెను. పిమ్మట అమెరికా చేరి న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ ఆసుపత్రిలో శిక్షణ ముగించి, 1936 నుండి రెండేండ్లు యేల్ విశ్వవిద్యాలయమున మానసిక వైద్యము అభ్యసించెను. ఆ తరువాత అమెరికా పౌరసత్వము స్వీకరించి, పేరును ఎరిక్ బెర్న్ అని కుదించుకొనెను. న్యూయార్క్‌లోని మౌంట్ జయాన్ ఆసుపత్రిలో కొలువు, కనెక్టికట్ రాష్ట్రమందలి నార్వాక్ పట్టణమున సొంత వైద్యము ఏకకాలమున సాగెను.

1941లో ఆయన న్యూయార్క్ మనోవిశ్లేషణ సంస్థలో శిష్యుడుగా చేరెను. ఫ్రాయిడ్ మహాశయుని మార్గమున వైద్యుడు కాగోరువాడు ముందుగా తానే ఒక గురువు చేత విశ్లేషణము పొందవలెను. బెర్న్‌కు లభించిన గురువు పాల్ ఫెడర్న్. ఈయన వియన్నా నగరమున ఫ్రాయిడ్‌కు సన్నిహితుడుగా మెలగినవాడు. మనిషి మనస్సు ఒక్కొక్క వేళ ఒక్కొక్క అహంస్థితిలో ఉండునను భావమునకు బెర్న్ ఈ గురువునకే ఋణపడి యుండెను.

సైన్యమున చేసిన పరిశీలన

రెండవ ప్రపంచయుద్ధము ఆయనను సైన్యమునకు పిలిచెను. 1943 నుండి 1946 వరకు సైనిక వైద్యశాఖలో పనిచేసి, మేజర్ హోదా వరకు ఎదిగెను. యూటా రాష్ట్రమందలి బుష్‌నెల్ సైనిక ఆసుపత్రిలో మనోవ్యాధులకు గురియైన సైనికులను గుంపుగా కూర్చుండబెట్టి సామూహిక చికిత్స ఆరంభించెను. ఒకరితో ఒకరు ఎట్లు మాటలాడుదురో చూచుటకు అంతకు మించిన పాఠశాల లేదు.

యుద్ధము ముగియు దినములలో ఆయనకు విచిత్రమైన పని ఒకటి తటస్థించెను. సేవ నుండి విడుదలగు సైనికులను ఒక్కొక్కరిని నిమిషము లోపుననో, కొంచెము పైగానో చూచి మానసిక స్థితి నిర్ణయింపవలెను. నాలుగు నెలలు నిండకముందే దాదాపు 25,000 మంది ఆయన ముందు నుండి నడచిపోయిరి. ఈ యాంత్రికమైన పనిలో విసుగు చెందక, బెర్న్ ఒక పరీక్ష పెట్టుకొనెను. వచ్చినవాడు సైన్యమున చేరకముందు ఏ పని చేయుచుండెనో అడుగక ముందే ఊహించి, పిమ్మట అడిగి సరిచూచుకొనుచుండెను. రైతులను, యంత్రపు పనివారిని పోల్చుటలో ఊహ తరచుగా నిజమయ్యెను. మనస్సు తనకు తెలియకుండగనే ఎదుటివాని కన్నులను, కదలికలను చదువుచున్నదని ఆయన గ్రహించెను. ఈ సహజస్ఫురణను గూర్చి 1949 నుండి వరుసగా వ్యాసములు ప్రకటించెను. తరువాతి సిద్ధాంతమునకు బీజము లవియే.

తిరస్కృతి

సైన్యము విడిచి ఆయన కాలిఫోర్నియా సముద్రతీరమందలి కార్మెల్ పట్టణమున స్థిరపడెను. 1947లో మొదటి పుస్తకము వెలువడెను. శాన్‌ఫ్రాన్సిస్కో మనోవిశ్లేషణ సంస్థలో శిక్షణ కొనసాగించి, ప్రసిద్ధుడైన ఎరిక్ ఎరిక్సన్ వద్ద రెండేండ్లు విశ్లేషణము పొందెను. 1949లో డొరొతీని వివాహమాడెను. మొదటి భార్య వలన ఇద్దరు, ఈమె వలన ఇద్దరు బిడ్డలు ఆయనకు కలిగిరి. డొరొతీ పూర్వ వివాహపు పిల్లలు ముగ్గురును ఆ ఇంటనే పెరిగిరి.

ఆ కాలముననే ఆయన దేశదేశముల మానసిక వైద్యాలయములను దర్శించుచు వచ్చెను. పసిఫిక్ మహాసముద్రమందలి ఫిజీ దీవులను గూర్చి 1959లో ఒక వ్యాసము వ్రాసెను. చెఱకు తోటల పనికి ఒప్పందముపై పోయిన భారతీయుల సంతతి అచట నివసించుచున్నది. వారిలో మదరాసు రాజధాని నుండి ఓడలెక్కిన తెలుగువారి సంతతియు కలదు. ఒక జాతివారికి పిచ్చి ఎక్కువ, మరియొక జాతివారికి తక్కువ అని ఆసుపత్రి లెక్కలు చూచి తీర్మానించుట తగదని ఆయన ఈ యాత్రల వలన నిర్ణయించెను. ఒకే భాషను పలు మండలములవారు పలు యాసలలో పలికినట్లే, మనోవ్యాధి కూడ దేశమును బట్టి యాస మార్చుకొనునే గాని మూలమున ఒక్కటియేనని ఆయన తలంపు.

1956లో గట్టి దెబ్బ తగిలెను. పదునైదేండ్ల శిక్షణ పిమ్మట మనోవిశ్లేషకుడుగా సభ్యత్వమునకు పెట్టుకొన్న దరఖాస్తును సంస్థ త్రోసిపుచ్చెను. మరికొన్ని యేండ్లు స్వీయ విశ్లేషణము పొంది తిరిగి రమ్మని సూచన వచ్చెను. ఆయనకప్పటికి నలువది ఆరేండ్లు. ఆ వయస్సున మరల శిష్యుడై వాకిట నిలుచుటకు ఆయన ఒప్పుకొనలేదు. తన త్రోవ తానే వేసికొనుటకు నిశ్చయించెను.

మూడు స్థితులు

ఏడాది తిరుగకమునుపే ఆయన కలము నుండి కొత్త సిద్ధాంతము వెలువడెను. దానికి ప్రేరణ ఒక రోగి వలన లభించెను. ఆయన వద్దకు వచ్చిన ఒక న్యాయవాది తన చిన్ననాటి ముచ్చట చెప్పెను. ఎనిమిదేండ్ల ప్రాయమున పశువుల కాపరి వేషము వేసికొని ఒక పనివానికి సాయపడగా, ఆ పనివాడు తోటి కాపరిని మెచ్చుకొన్నట్లే మెచ్చుకొనెను. అందుకా బాలుడు తాను నిజముగా కాపరిని కాననియు, చిన్న పిల్లవాడిననియు బదులు చెప్పెను. ఈ కథ చెప్పి, తనకిప్పుడును అట్లే తోచునని, న్యాయవాది వేషమున ఉన్న పిల్లవాడనని ఆ రోగి అనెను. బెర్న్ ఆ మాటను ఉపమానముగా గాక యథార్థముగా గ్రహించెను. కోర్టులో వాదించునది ఒకరు, లోన బెదరునది మరియొకరు. ఇరువురును ఒకే మనిషిలో కన్నులకు కనబడునంత స్పష్టముగా ఉన్నారు.

ఈ విధముగా ప్రతి మనిషిలోను మూడు అహంస్థితులు కలవని ఆయన నిరూపించెను. తల్లిదండ్రులను, గురువులను చూచి నేర్చిన పోకడలు జనక స్థితి. మన ఇండ్లలో పెద్దరికమనునది దీనినే. అందు ఆదరణయు, గద్దింపును రెండును ఉండును. బాల్యమున అనుభవించిన వేడుక, భయము, అలుక, సృజనశక్తి బాల స్థితి. కన్నెదుటి విషయమును కొలిచి, తూచి, నిర్ణయించునది ప్రౌఢ స్థితి. ఇవి వయస్సునకు సంబంధించినవి కావు. అరువదేండ్ల అధికారి అలిగి కూర్చుండుటయు, ఐదేండ్ల బాలిక తమ్మునికి బుద్ధులు చెప్పుటయు నిత్యము చూచునదే. గతానుభవము మెదడులో చెక్కుచెదరక నిలిచి యుండుననుటకు, తన జన్మస్థలమగు మాంట్రియల్‌లోనే శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ చేసిన మెదడు పరిశోధనలను బెర్న్ ఆధారముగా చూపెను.

ఒకరి ఏ స్థితి నుండి మాట వెడలినది, ఎదుటివారి ఏ స్థితిని తాకినది, ఎచట నుండి బదులు వచ్చినది అను మూడును పరిశీలించుటయే పరస్పర వ్యవహార విశ్లేషణము. 1957లో లాస్‌ఏంజిలీస్‌లో జరిగిన సామూహిక చికిత్సకుల సమావేశమున ఆయన దీనిని ప్రకటించెను. ఆ వ్యాసము మరుసటి యేట అచ్చయ్యెను. 1961లో సమగ్ర గ్రంథము వెలువడెను. తండ్రికి అంకితమిచ్చినది ఈ గ్రంథమునే.

తేటమాటల శాస్త్రము

1958 నుండి శాన్‌ఫ్రాన్సిస్కోలో మంగళవారము సాయంకాలములందు ఆయన ఇంట గోష్ఠి జరుగుచుండెను. వైద్యులు, దాదులు, సంఘసేవకులు అందరును అందు పాల్గొనిరి. రోగికి అర్థము కాని మాటలలో రోగిని గూర్చి చర్చించుట ఆయనకు గిట్టదు. నల్లబల్లపై మూడు వలయములు గీసి, రోగి చేతనే అతని మాటల దారిని గుర్తింపజేయును. ఆసుపత్రి సిబ్బంది తమ సమాలోచనను రోగుల ఎదుటనే జరుపవలెనని నియమము పెట్టెను. రోగి వినరాని మాట వైద్యుడు అనరాని మాటయేనని ఆయన భావము. చికిత్సకు ముందు రోగియు వైద్యుడును ఒక ఒడంబడిక చేసికొనవలెననుట కూడ ఆయన పద్ధతిలో ప్రధానాంశము. ఏ మార్పు కావలెను, అది సిద్ధించినదని ఎట్లు తెలియును అని ఇరువురును ముందే తేల్చుకొందురు.

1962లో ఒక పత్రిక, 1964లో అంతర్జాతీయ సంఘము ఏర్పడెను. ఆ 1964వ సంవత్సరముననే, మనుష్యులు పరస్పరము ఆడుకొను ఆటలను గూర్చిన పుస్తకము వెలువడెను. మొదటి ముద్రణము మూడు వేల ప్రతులు మాత్రమే. తోటి వైద్యుల కొరకు వ్రాసిన ఆ గ్రంథమును సామాన్య జనులు ఎగబడి కొనిరి. రెండేండ్లకు పైగా అది అమెరికాలో అత్యధికముగా అమ్ముడగు పుస్తకముల పట్టికలో నిలిచెను.

ఆట అనగా ఇచట వినోదము కాదు. నాటకమాడుచున్నాడని తెలుగువారు అనునప్పటి అర్థము దీనికి దగ్గరది. పైకి ఒక మాట, లోన మరియొక ఉద్దేశము, చివరకు ఇరుపక్షములకును చేదు మిగులుట దాని లక్షణములు. ఆడువారికి తాము ఆడుచున్నట్లు తెలియకపోవుటయు కలదు. బెర్న్ మొట్టమొదట విశ్లేషించిన ఆట మిక్కిలి పరిచితమైనది. ఒకడు కష్టము చెప్పుకొనును. విన్నవారు ఒక్కొక్కరు ఒక్కొక్క ఉపాయము చెప్పుదురు. అతడు ప్రతి ఉపాయమునకును ఔనని, కానియని అడ్డుచెప్పును. ఉపాయములు అయిపోయి అందరును మౌనము వహించినప్పుడు అతనికి లోలోన ఒక గెలుపు. కష్టము మాత్రము కదలదు.

ఈ ఆటలేల? ఆయన సమాధానము కరుణతో కూడినది. ఎత్తుకొని లాలించువారు లేని శిశువులు కృశింతురని రెనే స్పిట్జ్ అను వైద్యుడు గమనించి యుండెను. పెద్దవారికి ఆ స్పర్శ స్థానమున నిలుచునది గుర్తింపు, పలకరింపు. మంచి పలకరింపు దొరకనివాడు తిట్లనైనను కోరుకొనును గాని, ఎవ్వరును పట్టించుకొనని స్థితిని ఓర్వలేడు. అన్నింటికి వెనుక బాల్యమున మనిషి తనకు తానే నిర్ణయించుకొన్న జీవితకథ ఒకటి ఉండునని ఆయన తుది రచనల సారము. మనము తలవ్రాత అందుము. తలవ్రాత బ్రహ్మ వ్రాసినదని నమ్మకము. బెర్న్ చెప్పిన వ్రాత పెద్దల మాటలు విని పసిబిడ్డ తన చేతితోనే వ్రాసికొన్నది. కనుక దానిని చెరిపి తిరిగి వ్రాయవచ్చును. ఆయన శాస్త్రమునందలి ఆశ అంతయు ఈ ఒక్క విషయముపై ఆధారపడి యున్నది.

కార్యాలయములను గూర్చి

1963లో సంస్థల, సమూహముల నిర్మాణమును గూర్చి ఆయన వేరొక గ్రంథము రచించెను. ఇది అంతగా ప్రజల నోట నానలేదు గాని ఉద్యోగులకు చాల పనికివచ్చునది. ప్రతి సంస్థలోను నాయకత్వము మూడు తెరగులని ఆయన చెప్పెను. బాధ్యత వహించి సంతకము చేయువాడు ఒకడు. వాస్తవముగా పని జరిపించువాడు ఒకడు. అందరి మనస్సులలో పెద్దగా నిలిచినవాడు ఒకడు. మూడును ఒక్కరియందే కుదురుట కలదు, కుదరకపోవుటయు కలదు. కుర్చీలో ఉన్నవారిని కాదని ఏ మూల బల్ల వద్దకో పోయి జనులు సలహా అడుగు కార్యాలయములను ఎరిగినవారికి ఈ విభాగము వేరుగా వివరింపనక్కరలేదు.

వృత్తి మార్గదర్శనమున ఈ శాస్త్రమును వాడుకొనుట బెర్న్ మరణము తరువాత విస్తరించెను. కోచింగ్ అనగా మన ఇండ్లలో పరీక్షల కొరకు చెప్పు పాఠములని వాడుక. ఇచట ఉద్దేశించినది వేరు. ఉద్యోగమున ఉన్నవాడు తన పనితీరును తానే చక్కదిద్దుకొనుటకు, శిక్షణ పొందిన మరియొకరు ఎదుట కూర్చుండి ప్రశ్నల ద్వారా తోడ్పడుటను ఈ పేర పిలుచుచున్నారు. అది చికిత్స కాదు, ఉపదేశమును కాదు.

కొత్తగా పదోన్నతి పొందిన శాఖాధికారి ఒకనిని ఊహించుకొనవచ్చును. క్రిందివారు వ్రాసిన ప్రతి ముసాయిదాను అతడు తిరిగి వ్రాయును. రాత్రి పొద్దుపోవువరకు కార్యాలయమునందే ఉండును. క్రిందివారికి బాధ్యత లేదని వాపోవును. మార్గదర్శకుడు మొదట ఒడంబడిక అడుగును. క్రిందివారు మారవలెనను కోరిక ఒడంబడిక కాజాలదు. ఏలయనగా అది ఇతరులను గూర్చినది. మూడు నెలలపాటు ముసాయిదాను స్వయముగా తిరుగవ్రాయక, లోపములు గుర్తించి వ్రాసినవానికే తిప్పి పంపుదుననుట ఒడంబడిక. అది తన చేతిలోనిది, లెక్కపెట్టి చూడదగినది.

పిమ్మట ఇరువురును మాటల దారిని పరిశీలింతురు. ముసాయిదా చేతికి రాగానే అధికారిలోని జనక స్థితి నిట్టూర్చి ఎఱ్ఱకలము తీయును. సహాయకునిలోని బాల స్థితి తల వంచుకొనును. ఎట్లును తిరిగి వ్రాయుదురు గదా అని మరునాడతడు సగము పనియే చేసి తెచ్చును. అధికారి అనుమానము ఋజువగును; సహాయకుని నిస్పృహయు ఋజువగును. ఇరువురును ఓడుచు ఇరువురును సాగించు ఆట ఇది. అధికారి ఒక్కనాడు కలము క్రింద పెట్టి, ఈ నోటు చదివి పైవారు ఏ నిర్ణయము తీసికొనవలెనని మీ ఉద్దేశమని సహాయకుని నిజముగా అడిగినచో, ఆ ప్రశ్న ప్రౌఢ స్థితి నుండి వెడలి ప్రౌఢ స్థితినే తాకును. బదులు కూడ అచట నుండియే రాదగును. మన భాషలో నీవు, మీరు అను భేదమే ఒక్కొక్కప్పుడు ఆ దారిని మార్చివేయుట అనుభవము గలవారు ఎరుగుదురు.

బెర్న్ అనుచరులు ఈ పనికి మరికొన్ని సాధనములు సమకూర్చిరి. స్టీఫెన్ కార్ప్‌మన్ 1968లో బాధించువాడు, బాధితుడు, ఉద్ధరించువాడు అను మూడు పాత్రల త్రికోణమును చూపెను. అన్నియు తప్పులేకుండ చేయుము, అందరిని మెప్పించుము, త్వరపడుము, పాటుపడుము, దిటవుగా ఉండుము అని లోన తరుము ఐదు ఆజ్ఞలను టైబీ కాలర్, హెడ్జెస్ కేపర్స్ అనువారు 1974లో వివరించిరి. పై అధికారిని రాత్రులు కూర్చుండబెట్టునది వీనిలో మొదటిది. 1975లో ఫనీటా ఇంగ్లీష్ మూడు మూలల ఒడంబడికను ప్రతిపాదించెను. సంస్థ సొమ్ము చెల్లించి ఉద్యోగిని మార్గదర్శకుని వద్దకు పంపునప్పుడు ముగ్గురి నడుమను ఏమి ఒప్పుకొన్నారో ముగ్గురికిని తెలిసి యుండవలెను. లేనిచో ఉద్యోగి చెప్పుకొన్న గుట్టు పై అధికారి చెవికి చేరుననెడి శంక పుట్టును. శంక పుట్టినచోట నిజము పలుకదు.

భారతదేశమున ఈ శాస్త్రమును 1970–80 దశకమున ప్రవేశపెట్టినవారిలో కేరళకు చెందిన ఫాదర్ జార్జి కండత్తిల్ ముఖ్యుడు. సంస్థల నిర్వహణ రంగమున ఆచార్య ఉదయ్ పారీక్ దీని ఆధారముగా అధికారుల వ్యవహార శైలులను కొలుచు ప్రశ్నావళులను రూపొందించెను.

ఇందు ప్రమాదములును లేకపోలేదు. తేటమాటలు గనుక తేలికగా నోటికి వచ్చును. నీది బాల స్థితి యని ఎదుటివానిని ఎత్తిపొడుచువాడు ఆ క్షణమున తానే పెద్దరికపు గద్దెనెక్కి యున్నాడు. ఉపాయములపై ఉపాయములు చెప్పు మార్గదర్శకుడు, ఔను కానియను ఆటలో తానే పావు అగును. లోతైన మనోవ్యాధిని కార్యాలయపు గదిలో సరిచేయబూనుట తప్పు. అది వైద్యునికి అప్పగింపవలసినది. మూడు వలయములలో మనిషి సమస్తము ఇముడదని విమర్శించిన విద్వాంసులును కలరు. ఆ విమర్శయందు కొంత న్యాయము లేకపోలేదు.

చివరి దినములు

బెర్న్ స్వభావమున బిడియస్థుడు. తోటలో ఇంటికి ఎడముగా కట్టించుకొన్న గదిలో వ్రాసికొనుచుండెను. శుక్రవారపు రాత్రులందు మిత్రులతో పేకాట ఆడుట ఆయనకు వేడుక. వారమునందు కొన్ని దినములు కార్మెల్‌లోను, కొన్ని దినములు శాన్‌ఫ్రాన్సిస్కోలోను గడచుచుండెను. పుస్తకము లోకప్రసిద్ధమైన 1964లోనే డొరొతీతో వివాహబంధము తెగెను. 1967లో చేసికొన్న మూడవ వివాహమును 1970 ఆరంభమున విచ్ఛిన్నమయ్యెను. పని మాత్రము ఆగలేదు. 1966లో సామూహిక చికిత్సా సూత్రములను, 1968లో పిల్లల కొరకొక కథాపుస్తకమును వెలువరించెను.

1970 జూన్ నెల చివర గుండెపోటు వచ్చెను. జూలై 15వ తేదీన ఆయన కన్నుమూసెను. అప్పటికి అరువదేండ్లు. జీవితకథలను గూర్చిన ఆయన బృహద్గ్రంథము రెండేండ్ల తరువాత, 1972లో అచ్చయ్యెను. బాల్యస్మృతుల పుస్తకము 2010లో, శతజయంతి సంవత్సరమున వెలువడెను.

ఆయన ప్రియశిష్యుడు క్లాడ్ స్టైనర్ 1974లో ఒక దుఃఖకరమైన అభిప్రాయము వ్రాసెను. పలకరింపు లేనిదే మనిషి బ్రతుకలేడని లోకమునకు చెప్పిన గురువు తన మట్టుకు ప్రేమను స్వీకరింప జంకెననియు, పగిలిన గుండెతో పోవుట తన జీవితకథయందు ముందే వ్రాసికొనెననియు దాని సారము. ఇది శిష్యుని తలంపే గాని తీర్పు కాదు. ఒకవేళ నిజమే అయినను బెర్న్ గౌరవమునకు లోటు రాదు. దారి చూపినవాడు ఆ దారి కడవరకు నడువలేకపోయినను, వెనుక వచ్చువారికి దారి దారియే.

ప్రతి సంస్థయు గతించిన తన మూలపురుషుని దేవునివలె నిలుపుకొనునని బెర్న్ స్వయముగా వ్రాసి యుండెను. ఆయన అనుచరులు ఆయననట్లే నిలుపుకొనిరి. కాని ఆయనకు తగిన స్మారకము చిత్రపటము కాదు. బీదల వైద్యుడైన తండ్రి మంచుదారుల వెంట మందుల సంచి మోసికొని ఇంటింటికి పోయెను. కొడుకు మూడు వలయముల బొమ్మనొకదానిని మోసికొని, చదువు గలవారు, లేనివారు అను భేదము లేక అందరి ముందు పరచెను. తన క్రిందివానిని గద్దింపబోయిన అధికారి ఒక్క గడియ ఆగి, ఈ మాట తనలోని ఎవరు పలుకుచున్నారని తన్ను తాను ప్రశ్నించుకొనునప్పుడు ఆ వైద్యుని శ్రమ ఫలించును.